పాత బొమ్మలను చదవడం – ఏడవ పాఠం: వంగిన మోచేయి

విద్యార్థి దశలో వేసిన బొమ్మల కట్టను విప్పి, వేసిన క్రమంలో నేలమీద పరిచి, ఒక్కొక్క కాగితం గురించి ఒక్కొక్క వాక్యం రాయమని గత పాఠంలో అడిగాను. వచ్చిన జవాబులు చూశాక, ఈసారి చెప్పవలసిన వస్త్రపు ముడతల పాఠాన్ని వాయిదా వేయక తప్పడం లేదు. చాలామంది రబ్బరు, 4బి పెన్సిలు తీసుకుని పాత బొమ్మను దిద్దారు. మరికొందరు "బాగుంది", "పర్వాలేదు", "ముక్కు కుదరలేదు" అని మార్కులు వేసి ఊరుకున్నారు. ఒకాయన సిగ్గేసిందని కట్ట మొత్తాన్ని పాత పేపర్ల వాడికి తూకానికి వేసేశారు. ఆయనకు ఈ పాఠం ఉపయోగపడదు. కొత్తగా బొమ్మలు వేసుకుని, అవి పాతబడిన తరువాత రావాలి.

దిద్దిన కాగితం ఇక పాతదీ కాదు, కొత్తదీ కాదు. ఇరవై ఏళ్ల నాటి గీతమీద ఈనాటి గీత పడిన తరువాత, ఏ తప్పు ఏ వయసుదో విడదీసి చూడటానికి వీలుండదు. 1471లో పుట్టిన జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్, 1484లో అద్దంలో చూసుకుంటూ, పెన్సిలులా వాడే సన్నటి వెండి మొనతో తన బొమ్మ తానే వేసుకున్నాడు. అది నేడు వియన్నాలోని అల్బెర్టినా మ్యూజియంలో ఉంది. అందులో ఒక చేయి కనిపిస్తుంది, రెండవది చొక్కా చేతిలో దాగి ఉంటుంది. పెద్దవాడై, చేతులు గీయడంలో సాటిలేనివాడైన తరువాత కూడా అతడు ఆ రెండవ చేతిని చేర్చలేదు. 1484లో, ఇంకా పిల్లవాడిగా ఉన్నప్పుడు, అద్దంలో చూసి తనను తాను చిత్రించుకున్నానని పైన ఒక మూల రాసి సంతకం మాత్రం చేశాడు. పాత కాగితం మీద మీరు చేయదగిన పని అంతే: తెలిసినంత మేరకు సంవత్సరం, ఎవరిని చూసి వేశారు, ఎంతసేపు వేశారు అన్నది వెనకవైపు మెత్తటి పెన్సిలుతో రాయడం. దిద్దాలన్న దురద ఆగకపోతే పైన ట్రేసింగ్ పేపరు పరచుకుని దిద్దండి.

ఇక మార్కులు వేసినవారి సంగతి. ఒక్క బొమ్మలో ముక్కు కుదరకపోవడం వార్త కాదు. పదిహేను బొమ్మల్లో ముక్కు ప్రతిసారీ ఎడమకే ఒరిగితే అది మీ కంటి గురించిన, మీ కూర్చునే తీరు గురించిన సమాచారం. మనం వెతుకుతున్నది ఒకే దిక్కుకు జరుగుతూ పోయే తప్పును మాత్రమే. అటూ ఇటూ చెదురుగా ఉన్న తప్పులు అభ్యాసంతో వాటంతట అవే తగ్గుతాయి, వాటిని పట్టించుకోకండి. షేడింగ్ గురించి కూడా ఇప్పుడు రాయవద్దు. వేలితో రుద్ది నున్నగా చేసిన నీడలను చూసి మురిసిపోయిన జవాబులు చాలా వచ్చాయి. నాకు ఆ పద్ధతి మొదటినుంచీ పడదు, దాని అడుగున ఉన్న కొలత కనబడకుండా పోతుంది.

పాఠకులు పంపిన ఫొటోలలో నిలబడిన మనుషుల బొమ్మలన్నింటిలోనూ దాదాపు ఒకే లోపం కనిపించింది: తల పెద్దది, కాళ్లు పొట్టివి. దీనికి అందరూ చెప్పుకున్న కారణం "అప్పట్లో అనాటమీ తెలియదు" అని. ఈ మాట నన్ను విసిగిస్తుంది. ఎదురుగా నిలబడిన మోడల్‌ను చూసి వేసేవారికి ఎముకల పేర్లు తెలియకపోయినా ఎత్తు తెలియాలి. ఎత్తు తప్పిందంటే కొలత తప్పింది, కొలత తప్పిందంటే చాలాసార్లు మోచేయి వంగింది.

పెన్సిలును చాచిన చేత్తో నిలువుగా పట్టుకుని, కొనను మోడల్ నడినెత్తికి, బొటనవేలిని గడ్డానికి సరిచూసి తల కొలత తీయడం, మనిషి ఎత్తు ఎన్ని తలలో దానితో లెక్కించడం మీకు వచ్చు కనుక మళ్లీ వివరించను. దానిలో ఉన్న మోసాన్ని మాత్రం అంకెలతో చూడండి. చాచిన చేతిలోని పెన్సిలు కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు మోడల్ తల పెన్సిలు మీద 4 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. బొటనవేలిని అక్కడే బిగించి, ఆ కొలతను గడ్డం నుంచి కిందికి దించుకుంటూ పోతారు. ఈలోగా చేయి నొప్పి పుడుతుంది, కాగితం వైపు తిరిగి మళ్లీ మోడల్ వైపు తిరిగేటప్పుడు చేయి మునుపటంతగా చాచుకోదు, పెన్సిలు 45 సెంటీమీటర్లకు దగ్గరవుతుంది. కంటికి దగ్గరైన పెన్సిలు తన వెనక ఎక్కువ మేరను కప్పుతుంది కనుక, ఆ దూరంలో అదే తల 3 సెంటీమీటర్లే వస్తుంది, తన తలకు ఏడున్నర రెట్ల ఎత్తుండే మామూలు మనిషి మొత్తం 22.5 సెంటీమీటర్లే వస్తాడు. మీ బొటనవేలు మాత్రం ఇంకా 4 దగ్గరే ఉంది. 22.5ను 4తో భాగిస్తే ఐదున్నర తలలకు కొంచెం పైన. పెద్దవాడి ముఖంతో చిన్నపిల్లవాడి ఒళ్లు తయారవుతుంది. తలను వంగిన చేతితో 3గా కొలిచి, ఒంటిని చాచిన చేతితో 30గా కొలిస్తే సరిగ్గా పది తలల మనిషి వస్తాడు. ఒకే కట్టలో పొట్టివాళ్లూ తాటిచెట్లూ రెండు రకాలూ ఉన్నాయని ఆశ్చర్యపోయిన పాఠకురాలికి ఇదే జవాబు కావచ్చు. ముందుకు వంగి చూసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే చేయి కదలకపోయినా కన్నే పెన్సిలు దగ్గరికి వస్తుంది. ఒక కన్ను మూసి, వీపు కుర్చీకి ఆనించి, మోచేతిని పూర్తిగా చాచి బిగించాలి. లేదా పెన్సిలుకు దారం కట్టి రెండవ కొసను పళ్లతో పట్టుకుంటే దూరం మారదు. నేనైతే పెన్సిలుకు బదులు సైకిల్ స్పోక్ వాడతాను, అది సన్నగా ఉండి మోడల్‌ను కప్పెయ్యదు.

శిల్పశాస్త్రంలో నవతాళం, అంటే తొమ్మిది తాళాల ఎత్తు, ఉండగా ఏడున్నర తలలు ఎక్కడివని ఇద్దరు అడిగారు. తాళమంటే 12 అంగుళాల (ఇక్కడ అంగుళమంటే ఇంచు కాదు, శిల్పశాస్త్రపు కొలత) ముఖం నిడివి, నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న తల కాదు. పైగా అది దేవతామూర్తికి నిర్ణయించిన ప్రమాణం. ఎదురుగా నిలబడిన మోడల్‌ను కొలిచేటప్పుడు దాన్ని తీసుకురావద్దు.

పెద్ద తలకు మరో రెండు కారణాలు ఉండవచ్చు. బోర్డును బల్లమీద చదునుగా పెట్టుకుని వేస్తే కాగితం పైభాగం కంటికి కుదించుకుని కనిపిస్తుంది, మనం తెలియకుండానే దాన్ని సాగదీస్తాం. అప్పుడు తల పొడవు మాత్రమే పెరిగి వెడల్పు మామూలుగా ఉంటుంది. మోచేయి వంగినప్పుడు తల ఆకారం చెడదు, లెక్క మాత్రమే తగ్గుతుంది. పాదాలు కాగితం అంచుకు తగులుతూ, మోకాలి పైన అంతా సరిగ్గా ఉంటే, అది చోటు చాలక కుదించిన బొమ్మ.

అభ్యాసం: నిలబడిన మనుషుల బొమ్మలు పన్నెండు ఎంచండి. ప్రతిదాని మీదా ట్రేసింగ్ పేపరు వేసి నడినెత్తి, గడ్డం, నడుము, మోకాలు, మడమ దగ్గర గీతలు గీసి, మొత్తం ఎత్తును తల ఎత్తుతో భాగించి, వచ్చిన అంకెను సంవత్సరంతో పాటు రాయండి. అన్నీ నిలబడినవి దొరకకపోతే నిటారుగా కూర్చున్నవి తీసుకోండి, వాటిలో ఆసనం నుంచి నడినెత్తి దాకా దాదాపు నాలుగు తలలు ఉండాలి. తరువాత ఇంట్లో ఒకరిని ఇరవై నిమిషాలు నిలబెట్టి, పళ్ల మధ్య దారంతో ఒకసారి, దారం లేకుండా ఒకసారి వేసి, ఆ రెండు అంకెలనూ పన్నెండింటి కింద చేర్చండి. బొమ్మల ఫొటోలు ఈసారి పంపవద్దు, పద్నాలుగు అంకెలు చాలు.