పిల్లలకి తెరచాప పడవల పందెం పెట్టాలనుకుంటున్నారా, ఇలా చెయ్యండి

ముందే చెప్పేస్తున్నానండీ, పందెం కాలవలో పెట్టొద్దు. మన కోనసీమలో ఏ ఊళ్లో చూసినా ఇంటి ముందు పంట కాలవో బోదో ఉంటుంది కాబట్టి, పిల్లల పడవలు అనగానే అందరూ ముందు అదే అంటారు, రేవులో వదిలేద్దాం అని. జూన్ లో నీళ్లు వదిలాక కాలవ లాగుడు మామూలుగా ఉండదు, చిన్న పడవ రెండు నిమిషాల్లో వంతెన కిందకి పోతుంది, దాని వెనక పిల్లాడు గట్టు మీద పరిగెడతాడు, కాలు జారితే ఇంకేమన్నా ఉందా. అది కాక గుర్రపుడెక్క. వేసవిలో అయితే కాలవలు కట్టేస్తారు, అడుగున బురద తప్ప ఏం ఉండదు. చేపల చెరువులు, కోనేరు కూడా వద్దు, లోతు ఎక్కువ. ఇరవై మంది పిల్లలు నీళ్ల పక్కన కేకలేస్తూ గెంతుతుంటే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లం కనిపెట్టుకుని ఉండలేం.

అందుకని మనమే ఓ కాలవ చేసుకోవాలి, స్కూలు వరండాలోనో లైబ్రరీ ముందో, బల్లల మీద. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ప్లంబింగ్ షాపులో 160 ఎంఎం పీవీసీ పైపు, ఆరు మీటర్లది, ఒక్కటి చాలు. దాన్ని నిలువునా మధ్యకి కోయిస్తే రెండు పైపు కాలవలు వస్తాయి, అంటే రెండు పడవలు పక్కపక్కన పోటీ పడొచ్చు. ఇక్కడ ఒక కిటుకు ఉంది, కోయకముందే రెండు చివర్లా ఎండ్ క్యాపులు సొల్యూషన్ పెట్టి అతికించేసి, బాగా ఆరాక అప్పుడు క్యాపులతో సహా కోయించండి, నీళ్లు కారకుండా రెండు వైపులా మూతలు వాటంతటవే వచ్చేస్తాయి. కోత మిషనుతో పెద్దవాళ్లే కొయ్యాలి, అంచులు చాలా పదునుగా ఉంటాయి, ఎమరీ పేపరుతో మొత్తం రుద్దేయండి, పిల్లల చేతులు అక్కడే పడతాయి మరి.

కోసిన పైపు దొర్లిపోకుండా అటూ ఇటూ ఇటుకలు ఆనించండి. బల్లలు పిల్లల నడుం ఎత్తులో ఉంటే మంచిది, కింద పెడితే మోకాళ్ల మీద పాకాలి, ఐదు నిమిషాల్లో విసిగిపోతారు. మట్టం చూడ్డానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు, నీళ్లు పోసి రెండు చివర్లా స్కేలు పెట్టి చూడండి, రెండు చోట్లా ఆరు సెంటీమీటర్లు ఉంటే సమంగా ఉన్నట్టే, తేడా ఉంటే కింద పేపరు మడతలు పెట్టి సర్దండి. ఒక్కో దాంట్లో రెండు పెద్ద బకెట్ల నీళ్లు పడతాయి, అంతే.

పైపు దొరకకపోతే బరకం ఉంది కదా. ఇటుకలు రెండు వరసలు పేర్చి పైన బరకం పరిచి నీళ్లు పోస్తే అదీ కాలవే. కాకపోతే మడతల్లో పడవ ఇరుక్కుంటుంది, ఓపిగ్గా సాఫు చెయ్యాలి.

ఇప్పుడు పడవలు. నా ఉద్దేశంలో అసలు సంగతి ఇక్కడే ఉంది. పడవ ఇంట్లో చేసుకుని రమ్మని చెప్తే సగం పడవలు నాన్నలు చేసినవి వస్తాయి, ఇంకొన్ని ఆన్‌లైన్ లో కొన్నవి వస్తాయి, ఏదీ లేని పిల్లాడు మూల కూర్చుంటాడు. అందుకని అందరికీ ఒకే సామాను ఇచ్చి, అక్కడే, మీ కళ్ల ముందే, రెండు గంటలు టైమిచ్చి చేయించండి. అమ్మానాన్నలు చూడొచ్చు, చెయ్యి మాత్రం పెట్టకూడదు. కత్తెర పని, కత్తి పని దగ్గర మాత్రం ఒక పెద్దమనిషి పక్కనే ఉండాలి.

సామాను అంతా ఊళ్లో దొరికేదే. పడవ అడుగుకి పాత హవాయి చెప్పు అట్ట చాలా బావుంటుంది, తేలుతుంది, కత్తికి తెగుతుంది, పుల్ల గుచ్చితే నిలబడుతుంది. జీలుగు బెండు దొరికితే ఇంకా మంచిది. థర్మాకోల్ సరే గానీ దానికి రబ్బరు సొల్యూషన్ గానీ స్ప్రే పెయింటు గానీ తగిలితే కరిగిపోతుంది, ముందే చెప్పండి పిల్లలకి. తెల్ల గమ్ము అయితే నీళ్లలో నానిపోతుంది కాబట్టి పుల్లలు గుచ్చడం, దారంతో కట్టడం నేర్పడమే మేలు. అరటి దొప్ప కూడా వాడొచ్చు, పోలి పాడ్యమి నాడు తెల్లవారుజామున దీపాలు పెట్టి వదిలే దొప్పలు మన పిల్లలందరూ చూసినవే, కాకపోతే దొప్ప గుండ్రంగా ఉంటుంది కాబట్టి చాప కడితే పక్కకి దొర్లిపోతుంది, రెండు దొప్పలు పక్కపక్కన పెట్టి అడ్డంగా పుల్లలు గుచ్చి జంట పడవ చేస్తే నిలుస్తుంది. అలా చేస్తే వెడల్పు దాటకుండా సన్న దొప్పలు తీసుకోవాలి.

తెరచాప కొయ్యకి కొబ్బరి ఈనె లావు వైపుది ఒక జానెడు లోపు. చాపకి పాల ప్యాకెట్టు కవరో, పాత శుభలేఖ లోపలి పల్చటి కాయితమో. కాయితం అయితే రెండు వైపులా కొవ్వొత్తి రుద్దితే తడవదు.

కొలతలు గోడ మీద రాసి పెట్టండి: పొడవు 20 సెంటీమీటర్లు దాటకూడదు, వెడల్పు 8, నీళ్లలోకి దిగే భాగం 4. చాప వెడల్పు 10, లేకపోతే పైపు అంచులకి రాసుకుంటుంది. కొయ్య ఎత్తు పడవ పొడవు కన్నా ఎక్కువ ఉండొద్దు. ఇంతకు మించి రూల్సు పెట్టకండి, చాప ఆకారం, కొయ్య ఎక్కడ గుచ్చాలి, బరువు ఎక్కడ పెట్టాలి అన్నవి పిల్లలకే వదిలేయాలి.

మీకు మాత్రం కారణాలు తెలిసుండాలి, అడుగుతారు కాబట్టి. గాలి వెనక నించి తోస్తున్నప్పుడు చాప పడవ మధ్యకి కాస్త ముందు ఉండాలి, చుక్కాని లాంటి రెక్క వెనక చివర కింద ఉండాలి, అప్పుడు ముందు భాగాన్ని గాలి లాగుతుంది, వెనక రెక్క పక్కకి జరక్కుండా ఆపుతుంది, పడవ తిన్నగా పోతుంది. చాప వెనక్కి పెట్టిన పడవ గిర్రున తిరిగిపోతుంది. చాప బిర్రుగా కట్టకుండా కొంచెం పొట్ట ఉండేలా కడితే గాలి పట్టుకుంటుంది. చాప పైకి పోయేకొద్దీ పడవ బోల్తా పడాలని చూస్తుంది, దానికి మందు అడుగున బరువు, ఐస్ పుల్ల ముక్క కింద గుచ్చి దానికి చిన్న నట్టు కడితే చాలు. చేపల వలకి బరువు కోసం కట్టే వల గుళ్లు తెద్దామంటారు కొంతమంది, అవి సీసం, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు, వద్దు. చేసేటప్పుడే పక్కన ఒక టబ్బు నీళ్లు పెట్టండి, చేస్తూ తేలించి చూసుకుంటూ మార్చుకుంటారు, ఆ టబ్బు చుట్టూ జరిగే మాటల్లోనే పిల్లలు నేర్చుకునేది ఎక్కువ.

గాలి సంగతి. మామూలుగా ఈ పందెంలో స్ట్రాతో ఊదిస్తారు. గట్టిగా ఊదితే కళ్లు తిరుగుతాయి, ఆయాసం ఉన్న పిల్లలకి అసలు కుదరదు. మనకి తాటాకు విసనకర్ర ఉండగా స్ట్రా ఎందుకండీ. పడవ వెనకే నడుస్తూ విసరాలి, విసనకర్ర పడవకి గానీ చాపకి గానీ తగలకూడదు. అదరాబాదరా విసిరితే పడవ మునుగుతుంది, తూకంగా విసిరిన వాళ్లే గెలుస్తారు, కండబలంతో పని లేదు, అందుకే అమ్మాయిలు అబ్బాయిలు కలిపే ఆడించండి. ఒక పిల్లాడి గాలి పక్క పడవ మీద పడకుండా రెండు కాలవల మధ్య నాలుగడుగులు ఎడం ఉంచాలి. ఒకటి నించి మూడో క్లాసు వాళ్లకి సగం దూరం దగ్గర గీత గీయండి, పెద్దవాళ్లకి మొత్తం.

టైము కూడా చూసుకోవాలి, పొద్దున్న తొమ్మిది లోపల అయిపోవాలి. మధ్యాహ్నం అయ్యేసరికి నేల వేడెక్కి సముద్రం వైపు నించి గాలి మొదలవుతుంది, అమలాపురం, రాజోలు వైపు అయితే బాగా తెలుస్తుంది, ఆరుబయట పెట్టారా ఆ గాలే ఒక పడవని గెలిపించేస్తుంది. పడవలు ముందు రోజు చేయించి, పందెం మర్నాడు పొద్దున్నే పెట్టుకుంటే హాయి.

ఇక పందెం నడపడం. ఓడినవాడు బయటికి అనే పద్ధతి దయచేసి పెట్టొద్దు. రెండు గంటలు కూర్చుని పడవ చేసుకున్న పిల్లాడు ఒక్క నిమిషంలో ఓడి ఇంటికెళ్లిపోతే వాడి పడవ ఎందుకు తిరిగిపోయిందో వాడికి ఎప్పటికీ తెలీదు. పదహారు మంది ఉన్నారనుకోండి, నలుగురు చొప్పున నాలుగు గుంపులు, గుంపులో అందరూ అందరితో ఆడాలి, గుంపుకి ఆరు పందాలు, మొత్తం ఇరవై నాలుగు. గెలిస్తే రెండు పాయింట్లు, గీత దాకా వస్తే ఒకటి. ప్రతివాడికీ మూడు సార్లు వస్తుంది, మధ్యలో పడవ బాగుచేసుకోవచ్చు, చేసుకోమని మీరే చెప్పండి, మొదట్లో ఆఖరున వచ్చినవాడు మూడోసారికి చుక్కాని మార్చుకుని గెలిచాడంటే ఆ మొహం చూడాలి. గుంపులో మొదటి వాళ్లు నలుగురికీ సెమీస్, ఫైనలు. ఫైనల్లో కాలవలు మార్చి మార్చి మూడు సార్లు పెట్టండి, ఎందుకంటే ఎంత సర్దినా ఒక కాలవ కొంచెం తేడాగా ఉంటుంది.

రెండు పడవల ముందూ ఒకేసారి లేచేలా పొడుగాటి కర్ర అడ్డం పెట్టి ఎత్తితే దొంగ స్టార్టు ఉండదు. బోల్తా పడితే పడిన చోటే ఒక పెద్ద పిల్లాడు నిలబెడతాడు, ఆడేవాళ్లు చెయ్యి పెట్టకూడదు. గీత దగ్గర కాలవకొకరు చొప్పున ఇద్దరు ఉండాలి, వాళ్ల మాటే ఫైనల్, తేడా వస్తే మళ్లీ ఆడించడమే, వాదన వద్దు. ఈ పనులు తొమ్మిది, పది క్లాసుల వాళ్లకి అప్పజెప్పండి, మహా సీరియస్ గా చేస్తారు.

వంతు కోసం ఎదురుచూసే పిల్లలు గోల చేస్తారు, అప్పుడు ఊళ్లో ఓ పెద్దాయన్నో ముసలమ్మనో తెచ్చి కూర్చోబెట్టి పాత పడవల కబుర్లు చెప్పించండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాటన్ దొర కాలవలు తవ్వించింది సాగుకే కాదు, పడవలు తిరగడానికి కూడా, లాకులు ఉన్నది అందుకే. ధాన్యం, కొబ్బరికాయలు పడవల మీదే వెళ్లేవి, గాలి ఉంటే చాప ఎత్తేవాళ్లు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవాళ్లు. అది చూసినవాళ్లు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు, చేతిలో సొంత పడవ పట్టుకుని ఉన్న పిల్లాడు ఆ కబుర్లు వినే తీరే వేరు.

బహుమతులు ఫస్టు సెకండు ఒక్కటే కాకుండా, అందమైన చాపకి, ఒక్కసారి కూడా బోల్తా పడని పడవకి, మంచి పేరు పెట్టిన పడవకి కూడా ఇవ్వండి. పేరు రాయడానికి ఒక స్కెచ్ పెన్ను చాలు. అందరికీ తలో పూతరేకు పంచేస్తే ఇంక ఎవరికీ బాధ ఉండదు.

అయిపోయాక ఆ నీళ్లు పారబొయ్యకండి, వేసవిలో శివారు ఊళ్లలో నీటి కటకట తెలిసిందే, బకెట్లతో కొబ్బరి మొక్కలకి పోయించండి. పైపు ముక్కలు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టి నీడలో దాచండి, ఎండలో పడేస్తే వంకర్లు పోయి వచ్చే ఏడాదికి పనికి రావు.