ఉగాది మొక్కల సంత: మార్గశిరం నుంచే మొదలుపెట్టవలసిన పని

వసంతకాలంలో మొక్కలు అమ్మే ఆనవాయితీ చలిదేశాలది. అక్కడ మంచు కరిగి నేల మెత్తబడే రోజుల్లో మొక్క కొన్నవారికి ముందు అయిదారు నెలల అనువైన కాలం ఉంటుంది. విశాఖపట్నంలో సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఫాల్గుణం చివర మన దగ్గర కొన్న మొక్క చైత్ర వైశాఖాల ఎండనూ, ఉక్కనూ, సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పుగాలినీ ఓర్చుకొని, జూన్‌లో తొలకరి పడేదాకా ఒక అపార్టుమెంటు బాల్కనీలో ప్రాణం నిలుపుకోవాలి. అయినా జనం మొక్కల కోసం వచ్చేది ఉగాదికి ముందే. ఇళ్లు దులుపుకొని సున్నాలు వేయించుకొనే రోజులవి, మల్లెలు మొగ్గ తొడిగే రోజులు కూడా. కనుక ఒక ప్రభుత్వ ఉద్యానవనంలో స్వచ్ఛందంగా పనిచేసే బృందం ఈ సంత పెట్టదలిస్తే, ఏ మొక్క పెంచాలి, ఎలా పెంచాలి, కొనేవారికి ఏం చెప్పాలి అన్నవన్నీ ‘ఇది మే నెల దాటుతుందా’ అనే ఒక్క ప్రశ్నను బట్టే నిర్ణయించుకోవాలి.

పనికి దిగే ముందు ఉద్యానవనం యాజమాన్యం నుంచి రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలి. ఏ చెట్ల నుంచి కొమ్మలు కోయవచ్చు, నీడ కోసం గ్రీన్‌నెట్ ఎక్కడ కట్టుకోవాలి, నీళ్లు ఏ కుళాయి నుంచి పట్టుకోవాలి, వచ్చిన డబ్బు ఏ ఖాతాలో పడాలి అనే నాలుగు విషయాలూ అందులో ఉంటే తరువాత మాట తేడాలు రావు. పెద వాల్తేరులోని రాణి చంద్రమణి దేవి ఆసుపత్రి ఆవరణలో ఉన్న జీవవైవిధ్య ఉద్యానవనం వంటి చోట్ల ఉన్నవి కేవలం అలంకారానికి పెంచిన మొక్కలు కావు. విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి సేకరించి నాటినవి. అటువంటి సేకరణలో ఒకటి రెండే ఉన్న మొక్క జోలికి కత్తెర పోకూడదు. కంబాలకొండ నుంచి ఒక అడవి మొక్కను తెచ్చి పెంచుదామనే ఆలోచన అసలే వద్దు. అది అభయారణ్యం, అక్కడ మొక్క పీకడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అలాగే ఎర్రమట్టి కావాలని భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల వైపు చూడకూడదు. అవి వేల ఏళ్లలో ఏర్పడిన భూవారసత్వ సంపద, మన కుండీల కోసం పుట్టినవి కావు.

నారుమడి పనులు

సంత మార్చి మొదటి పక్షంలో ఒక ఆదివారం అనుకుంటే, చేతులకు మట్టి అంటవలసింది డిసెంబరులోనే. నవంబరు చివరి నుంచి జనవరి వరకు మల్లె పొదలను కత్తిరిస్తారు. ఆ కత్తిరింపులో నేలపాలయ్యే కొమ్మలే మన పెట్టుబడి. మరీ లేతవీ మరీ ముదురువీ కాని కొమ్మలను ఏరి, 10 నుంచి 15 సెంటీమీటర్ల ముక్కలుగా, అడుగు భాగం కణుపుకు సరిగ్గా కిందుగా ఉండేటట్లు కోయాలి. కింది ఆకులు తీసేసి, పైన రెండు ఆకులు మాత్రం ఉంచి, సగం పొడవు మట్టిలోకి దిగేలా నాటాలి. తోటమాలి ఈ పని చేస్తుండగా ఒకసారి దగ్గర కూర్చొని చూడటం మంచిది. ఆయన కొమ్మను మట్టిలోకి గుచ్చడు. ముందు ఒక పుల్లతో రంధ్రం చేసి, కొమ్మను అందులో నిలిపి, రెండు బొటనవేళ్లతో చుట్టూ మట్టిని అదుముతాడు. నేరుగా గుచ్చితే కోసిన చోట బెరడు లేచిపోయి, వేరు పుట్టవలసిన చోటనే కుళ్లు పుడుతుంది. నందివర్ధనం, మందారం, నూరు వరహాలు, కాగితం పూలు కూడా ఇదే పద్ధతిలో వస్తాయి. నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లు పోసుకుంటాయి. అంతవరకు గాలిలో తేమ పోకుండా పైన పలుచని పాలిథిన్ కప్పి, రోజుకు ఒకసారి తెరిచి గాలి ఆడనివ్వాలి. చిగురు వేసింది కదా అని కొమ్మను లాగి చూడటం కొత్తగా చేరిన స్వచ్ఛంద సేవకులందరూ చేసే పొరపాటే. కొమ్మలో ఉన్న సత్తువతోనే చిగురు వస్తుంది, వేరు ఆ తరువాత మాట.

మట్టి మిశ్రమం విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో సూత్రం. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పిడికెడు వేపపిండి కలిపితే ఈ ఊరికి సరిపోతుందన్నది నా అభిప్రాయం. కోకోపీట్ ఇటుకను నానబెట్టిన నీటిని పారబోసి, మరో రెండు సార్లు కడిగి పిండాలి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, ఊరి గాలిలో ఎలాగూ ఉంది, రెండూ కలిస్తే ఆకుల అంచులు మాడతాయి.

అన్ని మొక్కలూ డిసెంబరు దాకా ఆగవు. వేపపండ్లు జూన్, జూలైల్లో రాలుతాయి. ఆ గింజ కొద్ది వారాల్లోనే మొలిచే శక్తి కోల్పోతుంది. కరివేపాకు గింజ పరిస్థితీ అంతే, పండు నల్లబడగానే గుజ్జు కడిగి వేయాలి తప్ప ఎండబెట్టి డబ్బాలో దాచితే లాభం లేదు. అందుచేత ఉగాదికి వేపమొక్క ఇవ్వాలనుకునేవారు వెనకటి వానాకాలంలోనే నారు పోసి ఉండాలి. అలా తొమ్మిది పది నెలలు సంచిలో ఉన్న మొక్కకు మరో చిక్కు ఉంది. తల్లివేరు అడుగు తగిలి, దారి లేక, సంచిలోనే చుట్టలు చుట్టుకుంటుంది. చూడటానికి మొక్క ఏపుగా ఉంటుంది గాని, నాటిన తరువాత ఆ చుట్ట విప్పుకోదు. పదేళ్లకు చెట్టయినా దాని పట్టు మాత్రం కుండీ అంతే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరంలో ఎన్ని చెట్లను కూల్చిందో చూసినవాళ్లం గనుక ఈ విషయంలో మనకు మొహమాటం ఉండకూడదు. పెద్ద చెట్ల జాతులను ఒకసారి లోతైన సంచిలోకి మార్చాలి, మార్చేటప్పుడు చుట్టుకున్న వేళ్లను కత్తిరించాలి. బాగా చుట్టుకుపోయిన వాటిని అమ్మకానికి పెట్టకూడదు. ఇంకా మంచి పద్ధతి ఒకటి ఉంది: వేప, కానుగ, పొన్న వంటి చెట్ల మొక్కలకు సంతలో డబ్బు తీసుకొని చీటీ మాత్రమే రాసిచ్చి, మొక్కను జూలైలో వానలు కుదురుకున్నాక ఇవ్వడం.

కడియం నర్సరీల నుంచి లారీలో మొక్కలు తెప్పించి బల్లలు నింపుదామనే సూచన ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు చేస్తారు. కడియం మొక్కకు వంక పెట్టనవసరం లేదు. అయితే అది ఊళ్లో ప్రతి వీధి మలుపులోనూ దొరుకుతుంది, ఉద్యానవనం దాకా రానక్కరలేదు. తప్పనిసరై కొన్ని తెచ్చినా, రెండు వారాల పాటు మన మొక్కలకు దూరంగా ఉంచి, ఆకుల అడుగున తెల్లని పిండిలా అంటుకొనే పిండినల్లి పురుగు ఉందేమో చూడాలి. ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి.

సంతకు మూడు వారాల ముందు మొక్కలను నీడలోంచి బయటికి తేవాలి. మొదటి వారం ఉదయపు ఎండ రెండు గంటలు, తరువాత క్రమంగా పెంచుతూ పోవాలి. గ్రీన్‌నెట్ కింద నవనవలాడే మొక్కను నేరుగా అమ్మితే, కొన్నవారి మేడ మీద రెండో రోజుకే ఆకు తెల్లబారిపోతుంది, వారు మనల్ని తిట్టుకోరు, తమ హస్తవాసి మంచిది కాదని బాధపడి ఇంకెప్పుడూ మొక్క కొనరు.

చీటీల సంగతి

ప్రతి మొక్కకూ పేరు రాసిన చీటీ పెట్టడం చిన్న పనిగా కనిపిస్తుంది గాని, దీనికి ఇద్దరు ఓపికగల మనుషులను పూర్తిగా కేటాయించాలి. ఒక ఏడు మేము ప్లాస్టిక్ చీటీల మీద స్కెచ్ పెన్నుతో అందంగా పేర్లు రాశాము. మూడు రోజులు నీళ్లు పోసేసరికి అక్షరాలన్నీ కొట్టుకుపోయాయి. పూత లేని గుండుమల్లె, బొడ్డుమల్లె పక్కపక్కనే ఉంటే ఏది ఏదో తేల్చలేక తోటమాలిని పిలిచాము. ఆయన వాటిని కాసేపు చూసి, ‘‘పూసినప్పుడు సెప్తాను బాబూ’’ అన్నాడు. అప్పటి నుంచి మామూలు పెన్సిలే వాడుతున్నాము. నీటికీ ఎండకీ పెన్సిలు రాత చెక్కుచెదరదు.

చీటీ మీద తెలుగు పేరుతో పాటు శాస్త్రీయ నామం ఎందుకని అడిగేవారికి గన్నేరును ఉదాహరణగా చూపవచ్చు. గన్నేరు అంటే నీరియం ఒలియాండర్, బిళ్ళ గన్నేరు కాథరాంథస్ రోజియస్, దేవగన్నేరు ప్లుమేరియా, పచ్చగన్నేరు కాస్కబెలా థెవీషియా. నాలుగూ ఒకే కుటుంబానివి, పేరులో గన్నేరు ఉంది, స్వభావాలు మాత్రం వేరు. బిళ్ళ గన్నేరు ఎండాకాలంలో కుండీలో హాయిగా పూస్తుంది. పచ్చగన్నేరు గింజ ప్రాణం తీసేంత విషం. పసిపిల్లలున్న ఇంటివారికి ఈ తేడా చెప్పకుండా అమ్మడం తప్పు. శాస్త్రీయ నామాలు సరిచూడటానికి వృక్షశాస్త్రం చదివే విద్యార్థులను, ముఖ్యంగా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకొనేవారిని, సేవకులుగా చేర్చుకుంటే బృందానికి గొప్ప అండ. ఇక మధుమేహానికి ఏ ఆకు నమలాలి, కీళ్ల నొప్పులకు ఏది నూరాలి అనే ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. ‘‘మొక్కను పెంచడం వరకే మాకు తెలుసండి, మందు సంగతి వైద్యుణ్ణి అడగండి’’ అని ప్రతి సేవకుడూ ఒకే మాట చెప్పాలి.

సంత రోజు

ఉదయం ఏడు గంటలకు తెరిచి పదిన్నరకు ముగించాలి. పదకొండు దాటిన తరువాత మనుషులకూ మొక్కలకూ ఇద్దరికీ హింసే. బల్లలను మొక్కల పేర్ల వరుసలో కాకుండా ఇంటి తీరును బట్టి పెట్టడం మేలు: మిట్టమధ్యాహ్నం ఎండ పడే మేడకు ఒక బల్ల, ఉదయపు ఎండ మాత్రమే వచ్చే బాల్కనీకి ఒకటి, ఎండే రాని గదికి ఒకటి, సముద్రానికి ఎదురుగా ఉండే ఇళ్లకు ఒకటి. ఈ చివరి బల్ల మన ఊరికి ప్రత్యేకం. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో గులాబీ పెట్టి ఏడ్చినవారికి కాగితం పూలు, అడీనియం, కలబంద, దేవగన్నేరు చూపాలి. కొనడానికి వచ్చినవారిని ‘ఏ మొక్క కావాలి’ అని కాక, ‘‘మీ బాల్కనీ ఎటువైపు ఉందండీ, అమ్మా?’’ అని మొదలుపెడితే సగం పని అయిపోయినట్లే. పారిజాతం అడిగినవారికి అది వానాకాలం వచ్చాక గాని పూయదని ముందే చెప్పాలి. మల్లె కొనేవారికి కనీసం అయిదారు గంటల ఎండ కావాలని, లేకుంటే తీగ సాగుతుందే తప్ప మొగ్గ రాదని చెప్పాలి.

ధరలు మూడే ఉండాలి, 30, 50, 100 రూపాయలు అనుకుంటే సంచిలో మూడు రంగుల పుల్లలు గుచ్చితే చాలు, బేరాలకు చోటుండదు. డబ్బు తీసుకొనే బల్ల ఒక్కటే, బయటికి వెళ్లే దారిలో ఉండాలి. అక్కడ ఫోనుతో చెల్లించేందుకు క్యూఆర్ కోడ్, చిల్లర, చీటీల పుస్తకం, ఇద్దరు మనుషులు. సాయంత్రం లెక్క కూడా ఆ ఇద్దరే కలిసి చూసి సంతకం చేయాలి. 120 మైక్రాన్ల కంటే పలుచని చేతిసంచులపై 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం ఉంది కనుక, కిరాణా కొట్ల నుంచి ఖాళీ అట్టపెట్టెలు నెల ముందు నుంచే పోగుచేయాలి. ద్విచక్ర వాహనం మీద వచ్చినవారికి మొక్క కాళ్ల దగ్గర నిలబడేలా అట్టపెట్టెలో పాత కాగితాలు కుక్కి ఇవ్వడం ఒక కళ, అది బాగా చేసేవారిని గేటు దగ్గరే ఉంచండి.

మొక్కతో పాటు అరచేతి పరిమాణంలో ఒక కాగితం ఇవ్వాలి. ఇంటికి తేగానే కుండీ మార్చవద్దనీ, వారం రోజులు సగం నీడలో ఉంచమనీ, నీళ్లు తెల్లవారే పోయమనీ, మొదట్లో ఎరువు వేయవద్దనీ, మట్టి పైన ఎండుటాకులు కప్పమనీ, జూన్ వానల తరువాత పెద్ద కుండీలోకి మార్చమనీ అందులో ఉంటే చాలు.

సేవకులలో మనస్పర్థలు వచ్చేది ఎక్కువగా ఒక్క విషయంలోనే. తెల్లవారకముందే వచ్చి పనిచేసినవారు మంచి మొక్కలను ముందుగానే ఒక మూలకు చేర్చుకుంటారు. ఏడు గంటలకు వచ్చినవారు ఖాళీ బల్లలు చూసి నొచ్చుకుంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కనుక ముందురోజు సాయంత్రం అరగంట సేవకులకు కేటాయించి, మనిషికి రెండు మొక్కలు, అదే ధరకు అనే నియమం పెట్టుకోవాలి. ఆ తరువాత బల్ల కింద దాచిన మొక్క ఎవరిదైనా సరే తిరిగి బల్ల మీదికే రావాలి.

డిసెంబరు నుంచి మార్చి వరకు వారానికి ఒక ఉదయం, ఆరున్నర నుంచి తొమ్మిది వరకు రాగలిగిన పదిహేను మంది, ఎప్పుడో ఒకసారి వచ్చే వందమంది కంటే మేలు. హాజరు పుస్తకం ఉండాలి, ధనుర్వాతం టీకా వేయించుకొని ఉండాలి, బూట్లు వేసుకోవాలి. ఎండుటాకుల కుప్పలో చేయి పెట్టే ముందు కర్రతో కదపాలి. మార్చిలో మజ్జిగ కుండ తప్పనిసరి. పెద్దవారికి సంచులు మోసే పని కాక, నారు విడదీయడం, చీటీలు రాయడం అప్పగించాలి. మందారం కొమ్మలు కోయడంలో మా బృందంలో ఒక రిటైర్డ్ మాస్టారి చేతికి సాటి లేదు.

మిగిలిపోయిన మొక్కలను ధర తగ్గించి అప్పటికప్పుడు వదిలించుకోవలసిన అవసరం లేదు. తీగలను, పూల మొక్కలను అడిగిన బడికి ఇవ్వవచ్చు. చెట్ల మొక్కలను పెద్ద సంచుల్లోకి మార్చి, గ్రీన్‌నెట్ కిందికి చేర్చి, ఎండాకాలమంతా నీళ్లు పోసే వంతులు ఆ రోజే కాగితం మీద వేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల వంతులకు పేర్లు ఇచ్చేవారు తక్కువే ఉంటారు కాబట్టి, డబ్బు లెక్క తేలకముందే, అందరూ మజ్జిగ తాగుతూ కూర్చున్నప్పుడే అడగాలి. జూన్ చివర వేపపండ్లు రాలడం మొదలైనప్పుడు ఏరి తెచ్చి గుజ్జు కడిగే వంతు కూడా అదే కాగితంలో చేర్చండి.