టోక్యోలో ఒక పూటలో రెండు పాత తోటలు

టోక్యో వెళ్తుంటే ఒక ఉదయం కొమాగొమే ప్రాంతానికి కేటాయించండి. ముందు కామి-నకజాతో స్టేషన్‌లో దిగి క్యూ-ఫురుకావా తోట చూడండి. గట్టు మీద 1917లో కట్టిన రాతి బంగళా, దాని కింద వాలులో గులాబీలు, అడుగున చెరువుతో జపనీస్ తోట. మే లేదా అక్టోబరు అయితే గులాబీలు విరగబూసి ఉంటాయి. బంగళా లోపలికి టికెట్ వేరే.

అక్కడి నుంచి రెండో తోట రికుగియెన్‌కి నడిచే వెళ్లొచ్చు. నాకు ప్రాణం ఇదే. షోగన్‌కి (అప్పటి జపాన్ సైనిక పాలకుడికి) ఆప్తుడైన యనగిసావా యొషియాసు 1702లో పూర్తి చేయించాడు. పాత కవితల్లోని 88 దృశ్యాలను గుట్టలుగా, రాళ్లుగా, నీళ్లుగా మలిచారు. తర్వాత మిత్సుబిషి స్థాపకుడు ఇవాసాకి కొన్నాడు, 1938లో ఆ కుటుంబం నగరానికి ఇచ్చేసింది. లోపలికి రాగానే ఫొటోల కోసం ఆగిపోకండి. నేరుగా ఫుజిషిరో గుట్ట ఎక్కితే చెరువు, దీవి, వంతెనలు మొత్తం ఒక్క చూపులో కనిపిస్తాయి. దిగాక చెరువు గట్టున టీ కొట్టులో మాచా (గ్రీన్ టీ పొడితో చేసే టీ) తాగుతూ కాసేపు ఊరికే కూర్చోండి, ఇలాంటి తోటను కట్టింది దానికే కదా.

సాయంత్రం 4:30 తర్వాత లోపలికి రానివ్వరు. దారి అంతా కంకర, మెట్టురాళ్లు, కాబట్టి పెద్దవాళ్లకు పట్టున్న బూట్లు వేయించండి.