జిగ్‌సా పక్కకు లాగుతోందా? కొత్త బ్లేడు కొనే ముందు రోలర్ చూడండి

జిగ్‌సా అంటే సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్క కోసే కరెంటు రంపం. గీత మీద పెట్టి నెడుతుంటే మెషీన్ ఒక పక్కకే లాగుతుంది. పైనుంచి చూస్తే కోత బానే ఉంటుంది, ముక్క తిరగేస్తే కింది అంచు ఏటవాలుగా వచ్చి ఉంటుంది. నా దగ్గరికి వచ్చే జిగ్‌సాల్లో ఎక్కువ వాటికి ఇదే జబ్బు. తెచ్చేవాళ్లు అప్పటికే నాలుగైదు బ్లేడ్లు మార్చేసి, ఇక మెషీన్ పోయిందని తీర్మానించుకుని వస్తారు. బ్లేడు వెనకాల ఆనుకుని ఉండే ఆ చిన్న చక్రాన్ని, అంటే రోలర్‌ని మాత్రం ఒక్కరూ ముట్టుకుని ఉండరు.

ప్లగ్ పీకండి. స్విచ్ ఆపేస్తే సరిపోదు, వేళ్లు పెట్టేది బ్లేడు దగ్గర. బ్లేడు తీసి, అది బిగిసే చోట ఇరుక్కున్న పొట్టు ఊదేసి మళ్లీ పెట్టండి. పొట్టు అడ్డుపడి బ్లేడు సగమే కూర్చుంటే తర్వాత ఎంత సర్దినా దండగ.

ఇప్పుడు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క మీద తిన్నగా ఒక కోత, వంపు తిప్పి ఒక కోత కోసి, రెండు అంచులకూ మూలమట్టం (90 డిగ్రీల మూల చూసే L ఆకారపు పనిముట్టు) పెట్టి చూడండి. రెండూ ఒకే కోణంలో వాలి ఉంటే బేస్ ప్లేటు, అంటే మెషీన్ అడుగున చెక్క మీద ఆనే పలక, వంకరగా బిగిసిందని అర్థం. ప్లేటు మీద చెక్కిన డిగ్రీల గీతల్ని నమ్మొద్దు. స్క్రూ వదులు చేసి, మూలమట్టాన్ని బ్లేడు ఒంటికి ఆనించి సరిచేయండి, పళ్లకు ఆనిస్తే లెక్క తప్పుతుంది, అవి చెరో పక్కకీ వంగి ఉంటాయి. తిన్నటి కోత బాగుండి వంపులో మాత్రం వాలుతోందంటే బ్లేడు మొద్దుబారింది, లేదా మీరు ఊపిరాడనివ్వకుండా తోస్తున్నారు. వెడల్పాటి టీ144డీ నంబరు బ్లేడు పెట్టి గుండ్రాలు తిప్పితే అది వంగక ఏం చేస్తుంది? ఆ మందానికి వంపులు కోయాలంటే టీ244డీ ఉంది, అది వాడండి.

తిన్నటి కోతే ఎప్పుడూ ఒకే పక్కకు పోతోందంటే, అప్పుడు రోలర్.

బ్లేడుకు పట్టు పైనే, కింది కొస గాల్లో ఉంటుంది. నెట్టినప్పుడు అది వెనక్కీ పక్కకీ పోకుండా ఆపేది రోలర్ మధ్యలో ఉన్న గాడి. ప్లైవుడ్ జిగురూ సన్న పొడీ కలిసి రోలర్ ఇరుసులో గట్టిపడితే రోలర్ తిరగడం మానేస్తుంది. అప్పుడు బ్లేడు వీపు ఒకే చోట రాసుకుని రాసుకుని, గాడి లోపలే ఇంకో సన్న గాడి తవ్వుకుంటుంది, అదీ ఒక పక్కకు ఒరిగి. కొత్త బ్లేడు వేసినా నేరుగా వెళ్లి అందులోనే పడుతుంది. చూడ్డానికి రోలర్ బ్లేడుకు ఆనుకునే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పైగా మధ్యమధ్యలో రోలర్ కాస్త జరిగి అరగని వైపు ముందుకొస్తే మెషీన్ ఒక రోజు సాఫీగా కోస్తుంది, మర్నాడు మళ్లీ వంకర! ఇలాంటి ఒకదానికి ఎవరో గేర్లన్నీ మార్చి బిల్లు వేసి పంపారు, వంకర మాత్రం పోలేదు.

బ్లేడు తీసి దాని వీపు చూడండి. రోలర్ తగిలే చోట అద్దంలా మెరుస్తున్నా, వేడికి నీలంగా మారినా రోలర్ తిరగట్లేదన్నట్టే. వేలితో తిప్పండి, గాడిలో గోరు పెట్టి చుట్టూ పోనివ్వండి, ఎక్కడైనా గోరు దిగిందంటే ఆ రోలర్ పని అయిపోయింది, మార్చాల్సిందే. ఇరుసు మీద లొడలొడలాడినా అంతే. గాడి బాగుండి బిగుసుకుపోయి మాత్రమే ఉంటే, పాత టూత్‌బ్రష్‌తో కొంచెం కిరోసిన్ రాసి అది వదులయ్యేదాకా అటూ ఇటూ తిప్పండి, పూర్తిగా ఆరనిచ్చి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి తుడిచేయండి. గ్రీజు పూయొద్దు, పొట్టంతా దానికే అంటుకుని మళ్లీ మొదటికొస్తుంది.

సర్దేటప్పుడు ఆర్బిటల్ మీట (బ్లేడు ముందుకీ వెనక్కీ ఎంత ఊగాలో పెట్టేది) సున్నా మీదే ఉండాలి. 3 మీద పెడితే రోలర్ ముందుకు ఊగి బ్లేడును తాకుతుంది, సరిగ్గానే ఉందనుకుని వదిలేస్తారు, సున్నాకి తెచ్చేసరికి మధ్యలో సందు. రోలర్‌ని పట్టి ఉంచే బ్రాకెట్ జరిపే వీలున్న మెషీన్లలో అలెన్ కీతో స్క్రూ వదులు చేసి, రోలర్ బ్లేడు వీపును తాకీ తాకనట్టు ఆనేదాకా జరిపి బిగించండి. బిగించాక కూడా రోలర్‌ను వేలితో కాస్త బరువుగా తిప్పగలగాలి. అసలు తిరగకపోతే ఎక్కువ నొక్కేశారు, బ్లేడు ముందుకు వంగుతుంది, రోలర్ వేడెక్కుతుంది. బ్రాకెట్ కదలని మెషీనైతే సర్దేదేమీ లేదు, రోలర్ మార్చుకోవడమే. చివర్లో మూలమట్టంతో బేస్ ప్లేటు ఇంకోసారి చూసుకోండి, స్క్రూలు విప్పారు కదా.

సన్‌మైకా అంచులు లేచిపోతుంటే అది రోలర్ తప్పు కాదు. మామూలు బ్లేడు పైకి లేచేటప్పుడే కోస్తుంది, కాబట్టి మంచి వైపు కిందికి పెట్టి కోయండి, లేదా తలకిందుల పళ్లున్న టీ101బీఆర్ వేయండి. కోత నల్లగా మాడుతుంటే బ్లేడు మార్చి స్పీడు తగ్గించండి. మోటారు దగ్గర నిప్పురవ్వలు ఎక్కువైతే మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు చూడాలి. రోలర్ కొత్తదే, ప్లేటు తిన్నగానే ఉంది, అయినా బ్లేడు పట్టుకుని ఊపితే పైన కడ్డీ మొత్తం ఊగుతోందంటే ఆ కడ్డీని పట్టి ఉంచే లోపలి బుష్ అరిగింది. అది అరుదు, ఇంట్లో అయ్యే పని కాదు, రిపేరుకు ఇచ్చేయండి.