వంశవృక్షం వెతుకుదాం – 4వ పాఠం: కాగితంలో ఉన్నది ఎవరి మాట?

గత పాఠంలో సేకరించిన కాగితాలన్నీ ముందు పెట్టుకోండి. ఒకే మనిషికి రెండు పుట్టిన సంవత్సరాలు కనిపించాయా? టెన్షన్ పడొద్దు. తొందరపడి ఒకదాన్ని కొట్టేయనూ వద్దు.

ఈ పత్రాన్ని నమ్మాలా వద్దా అనే ప్రశ్న మనకు పనికిరాదు. పత్రంలోని ఒక్కో వివరాన్ని విడిగా పట్టుకుని, ఇది ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు, ఎప్పుడు రాశారు అని అడగాలి. మరణ ధ్రువపత్రమే చూడండి. చనిపోయిన తేదీని సాధారణంగా ఆ రోజుల్లోనే రాస్తారు కాబట్టి అది గట్టిది. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు చెప్పింది మాత్రం దుఃఖంలో ఉన్న ఏ కొడుకో, అల్లుడో. ఆ పుట్టుక నాటికి వాళ్లింకా లేరు.

జనాభా లెక్కల్లో ఎవరు జవాబిచ్చారో చాలాసార్లు తెలియదు. అమెరికా 1940 లెక్కల్లో మాత్రం జవాబు చెప్పిన వ్యక్తి పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టి సున్నా చుట్టమన్నారు. నా దృష్టిలో వయసు గడి కన్నా ఆ గుర్తే విలువైనది.

తప్పులా కనిపించేది ఒక్కోసారి నియమం కావచ్చు. ఇంగ్లండ్ 1841 లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును కిందున్న ఐదుకో పదికో తగ్గించి రాయమన్నారు. 39 ఏళ్ల మనిషి 35 అయ్యాడు. అందుకే అక్కడ 35 కనిపిస్తే 35 నుంచి 39 వరకు ఏదైనా కావచ్చని చదువుకోండి. కొందరు గణకులు అసలు వయసే రాశారు, అదీ గుర్తుంచుకోండి. అలాగే 1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1720 ఏప్రిల్‌లో పెళ్లి, 1720 ఫిబ్రవరిలో బిడ్డ అని రిజిస్టర్‌లో ఉంటే, పెళ్లికి ముందే పుట్టినట్టు కాదు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721.

ఆన్‌లైన్ వంశవృక్షాల్లో పదిమంది ఒకే తేదీ వేశారని పది సాక్ష్యాలు దొరికినట్టు సంబరపడకండి. అందరూ ఒకచోటి నుంచే ఎత్తి రాసుకుని ఉండొచ్చు. మూలం చూపని తేదీ వెతకడానికి దారి చూపుతుందంతే, ఆధారం కాదు. ఈ పట్టుదల ఎందుకంటే, తొందరలో అతికించిన ఒక్క పేరుతో ఒకరి తల్లిని ఇంకొకరికి ఇచ్చేస్తాం. ఆమె పిల్లల కథంతా అక్కడి నుంచి తారుమారవుతుంది.

ఈ వారం అభ్యాసానికి ఒక్క మనిషిని ఎంచుకోండి. పొసగని సంవత్సరాలు రెండూ నోట్‌బుక్కులో రాసి, ఒక్కోదాని పక్కన ఆ మాట ఎవరిదో రాయండి. ఏది నమ్ముతున్నారో, ఎందుకో ఒక వాక్యం చాలు. తేలకపోతే “1862–65 మధ్య” అన్నట్టు వదిలేయండి. వచ్చే పాఠంలో ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఉన్న ఇద్దరిని విడదీయడం చూద్దాం.