లేనియర్ సరస్సుకి బోర్డు కొంటున్నారా? జాగ్రత్త అక్కడే మొదలవ్వాలి

మే చివరి సోమవారం మెమోరియల్ డే. ఆ వారాంతం దగ్గర పడుతుంటే అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్ ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో లేనియర్ సరస్సు ప్రయాణాల మాట మొదలవుతుంది. కారు డిక్కీలో పట్టే సంచిలోంచి తీసి, గాలి నింపి, నిలబడి తెడ్డు వేసుకుంటూ వెళ్లే ప్యాడిల్ బోర్డును ఇప్పుడు మనవాళ్లు చాలామంది కొంటున్నారు. కొనేటప్పుడు ధర, రంగు, రేటింగు చూస్తారు. భద్రత సంగతి నీళ్ల దగ్గర చూసుకోవచ్చనుకుంటారు. నా దృష్టిలో సగం భద్రత బోర్డు ఎంపికలోనే తేలిపోతుంది. ఇరుకైన బోర్డు, నడుమ వంగే బోర్డు కొత్తవారిని పదేపదే నీళ్లలో పడేస్తుంది. మన కుటుంబాల్లో ఈత సరిగా రానివారు ఎందరో మనకు తెలుసు.

ముందు వెడల్పు చూడండి. కొత్తవారికి 32 నుంచి 34 అంగుళాలు ఉండాలి. 30 అంగుళాల బోర్డు వేగంగా పోతుంది, కానీ మొదటి ఏడాది మీకు కావలసింది వేగం కాదు. పొడవు పదిన్నర నుంచి పదకొండు అడుగులుంటే చాలు. మందం మాత్రం ఆరు అంగుళాలకు తగ్గనివ్వకండి. బాగా చవకగా దొరికే వాటిలో కొన్ని నాలుగు అంగుళాలవి ఉంటాయి, పెద్దవాళ్లు ఎక్కితే అవి నడుమ కుంగుతాయి. ఈ బోర్డుల లోపల పై పొరను, కింది పొరను వేలాది దారాలు కలిపి పట్టి ఉంచుతాయి. దీన్నే డ్రాప్ స్టిచ్ అంటారు. గాలి గట్టిగా నింపినప్పుడు బోర్డు ఉబ్బి గుండ్రంగా కాకుండా బల్లలా నిలిచేది ఆ దారాల వల్లే. కాబట్టి తయారీదారు చెప్పిన ఒత్తిడి, సాధారణంగా 12 నుంచి 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), పూర్తిగా నింపితేనే అది బోర్డు.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. చేతి పంపుతో కొడుతుంటే చాలాసేపు మీటరు ముల్లు కదలదు. పాడైందేమోనని భయపడనక్కర్లేదు, గాలి కొంత నిండాకే అది చూపిస్తుంది. కానీ పది దాటేసరికి చేతులు నొప్పి పుట్టి, ఇక చాలులే అని ఆపేస్తారు. ఆ మెత్తని బోర్డు మీద పిల్లను కూర్చోబెట్టుకుని నిలబడితే తూలిపోక తప్పదు. అందుకే కారు 12 వోల్టుల సాకెట్‌తో నడిచే, ఒత్తిడి ఎంతో ముందే అమర్చుకోగలిగే విద్యుత్ పంపు మీద పెట్టే డబ్బును నేను వృథా ఖర్చు అనను.

పెట్టె మీద రాసిన బరువు పరిమితిని అలాగే నమ్మకండి. మునగకుండా తేలడం వేరు, మీరు నిలబడగలిగేలా తేలడం వేరు. తండ్రి, ముందు కూర్చునే పిల్ల, సామాను సంచి, అన్నీ కలిపి లెక్కవేసి, రాసినదానిలో మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకోండి.

ధర విషయానికొస్తే, 200 నుంచి 300 డాలర్ల మధ్య వచ్చేవి ఎక్కువగా ఒకే పొరవి. ప్రశాంతమైన నీళ్లలో ఏడాదికి నాలుగైదు సార్లు వాడేవారికి అవీ పనికొస్తాయి. ప్రతి వారాంతం వెళ్లే ఉద్దేశం ఉంటే 400 నుంచి 600 మధ్య రెండు పొరలది, అంచుల అతుకులను జిగురుతో మాత్రమే కాక వేడితో అతికించినది చూడండి. కింద ఉండే ఫిన్, అంటే బోర్డును తిన్నగా నడిపే రెక్క, ఊడదీయగలిగేదై, దాని గాడి అన్ని దుకాణాల్లో దొరికే సాధారణ కొలతదై ఉండాలి. విరిగితే మరొకటి సులభంగా దొరుకుతుంది. తెడ్డు నీళ్లలో జారితే తేలుతుందో లేదో అడిగి తెలుసుకోండి. వాడిన బోర్డు కొంటే పూర్తిగా గాలి నింపి ఒక రాత్రి అలా ఉంచమనండి. అతుకుల మీద, వాల్వు చుట్టూ సబ్బు నీళ్లు పూస్తే బుడగలే నిజం చెబుతాయి.

జార్జియా జూలై ఎండలో నిండా గాలితో ఉన్న బోర్డును ఒడ్డున వదిలి భోజనానికి వెళ్లకండి. లోపలి గాలి వేడెక్కి ఒత్తిడి పెరిగి అతుకులు విడిపోవచ్చు. నీడలో పెట్టండి, లేదా కొంత గాలి వదిలేయండి.

ఇక లైఫ్ జాకెట్. ఈత కోసం గుర్తించిన హద్దులు దాటితే ప్యాడిల్ బోర్డు కూడా పడవ కిందే లెక్క అని అమెరికా కోస్ట్ గార్డ్ 2008లోనే తేల్చింది. మనిషికొకటి చొప్పున జాకెట్ ఉండాలి, ఈల కూడా ఉండాలి. జార్జియాలో 13 ఏళ్లలోపు పిల్లలు దాన్ని వేసుకునే ఉండాలి. చట్టం అంతవరకే అడుగుతుంది, నేను ఇంకొంచెం అడుగుతాను. పెద్దలూ వేసుకోండి. వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను సరదాగా కూర్చోబెట్టి తిప్పాలనిపిస్తే వారికీ సరైన కొలతది కొనండి. నడుముకు కట్టుకుని, తాడు లాగితే ఉబ్బే పట్టీలు తేలిగ్గా ఉంటాయి గానీ, అవి పదహారేళ్లు నిండి ఈత వచ్చినవారికే. ఈత రాని మనిషి కంగారులో ఆ తాడు వెతుక్కోలేడు. డబ్బు సరిపోకపోతే బోర్డు నాణ్యత ఒక మెట్టు తగ్గించుకోండి, జాకెట్ మాత్రం తగ్గించకండి.

మొదటిసారి నడుములోతు నీళ్లలో కావాలనే పడి, మళ్లీ ఎక్కడం నేర్చుకోండి. పక్క నుంచి మధ్యలోని పిడి పట్టుకుని, కాళ్లతో తన్నుతూ పొట్ట మీద పాకి ఎక్కాలి. అది రాకుండా లోతుకు వెళ్లవద్దు. సరస్సులో కాలి లీష్, అంటే మిమ్మల్ని బోర్డుకు కలిపి ఉంచే తాడు, తప్పకుండా కట్టుకోండి. మీరు పడ్డాక గాలికి బోర్డు కొట్టుకుపోయే వేగాన్ని ఈదేవారు అందుకోలేరు. గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తున్న రోజు అసలు దిగకండి.

లేనియర్ సరస్సు ఒక లోయను ముంచి కట్టిన జలాశయం. దాని బ్యూఫోర్డ్ డ్యామ్ 1956లో పూర్తయింది. ఒడ్డు దాటగానే ఒక్కసారిగా లోతు పెరిగే చోట్లు చాలా ఉన్నాయి. శని, ఆదివారాల్లో మోటారు పడవల అలలు నిలబడనివ్వవు. ఉదయం పెందలాడే, పడవలు నెమ్మదిగా వెళ్లాల్సిన చిన్న పాయల్లో నేర్చుకోండి. మధ్యాహ్నం ఉరుము వినిపిస్తే ఒడ్డుకు వచ్చేయండి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

డ్యామ్ కింద చాటహూచీ నది మాత్రం వేరే లోకం. అక్కడికి వదిలేది సరస్సు అడుగు నీరు, వేసవిలోనూ 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపుల్లో ఉంటుంది. అలాంటి చల్లని నీళ్లలో పడగానే ఊపిరి అదుపు తప్పి నీళ్లు మింగేస్తారు. నీరు వదిలినప్పుడు నది నిమిషాల్లో పెరుగుతుంది. డ్యామ్ నుంచి 20వ నంబరు హైవే వంతెన దాకా అందరూ జాకెట్ వేసుకునే ఉండాలన్న నియమం ఊరికే పెట్టలేదు. 2021 అక్టోబరులో వేల్స్‌లోని హేవర్‌ఫర్డ్‌వెస్ట్ వద్ద, వానలకు ఉప్పొంగిన నదిలో ఆనకట్ట మీదుగా కొట్టుకుపోయి నలుగురు ప్యాడిల్ బోర్డర్లు చనిపోయారు. పారే నీళ్లలో కాలి లీష్ కొమ్మకో రాయికో చిక్కుకుంటే మనిషిని నీటి కిందే పట్టి ఉంచుతుంది. అక్కడ వాడాల్సింది నడుముకు కట్టుకుని ఒక్క లాగుతో విడిపోయే రకం. మొదటి వేసవి ఆ నదికి వెళ్లవద్దు. తర్వాతైనా, నీరు వదిలే వేళలు ఆ ఉదయమే చూసుకుని, అనుభవం ఉన్నవారి వెంటే వెళ్లండి.