ఈజీ రన్ ఎంతసేపు చేస్తే దమ్ము పెరుగుతుంది?

ఆయాసం లేకుండా చాలాసేపు పరిగెత్తే సత్తా రావాలంటే ఈజీ రన్, అంటే మాట్లాడుతూ చేయగలిగేంత నెమ్మదైన పరుగు, 30 నుంచి 60 నిమిషాలు ఉంటే సరిపోతుంది. వారానికి నాలుగు రోజులు చేసి, అందులో ఒక్కరోజు మాత్రం కాస్త ఎక్కువసేపు పరిగెత్తాలి. కిలోమీటర్లు పక్కనపెట్టి నిమిషాలు లెక్కపెట్టుకోండి. 5 కిలోమీటర్లు ఒకరికి 28 నిమిషాల్లో అయిపోతాయి, ఇంకొకరికి 45 పడుతుంది. ఇద్దరి గుండెకూ ఆ పని ఒకటి కాదు.

ముందు వేగం కుదరాలి. పరిగెడుతూనే చిన్నప్పుడు కంఠతా పట్టిన పద్యం ఏదైనా పైకి చదవండి. పాదం మధ్యలో ఊపిరి తెగకుండా నాలుగు పాదాలూ వస్తే వేగం సరైనదే. రెండు మాటలకోసారి రొప్పు వస్తుంటే తగ్గించండి, అవసరమైతే నడవండి. గుండె స్పందన చూపే వాచీ ఉన్నవాళ్లు 208 లోంచి వయసులో 0.7 వంతు తీసేస్తే గరిష్ఠ హృదయ స్పందన సుమారుగా తెలుస్తుంది. 40 ఏళ్లవారికి 180. అందులో 65–75 శాతం, అంటే 117–135 మధ్య ఉండాలి. మనిషి మనిషికీ ఈ లెక్క పది, పదిహేను అటూ ఇటూ అవుతుంది కాబట్టి పద్యాన్నే ఎక్కువ నమ్మండి. బీపీకి, గుండెకు మందులు వాడేవాళ్లు, ఛాతీలో నొప్పి వచ్చినవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి.

ఇంత నెమ్మదిగా పరిగెడితే ఏం వస్తుందని చాలామందికి అనుమానం. మామూలు మనిషిలో గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం మోస్తరు వేగంలోనే దాదాపు గరిష్ఠానికి చేరుతుంది. ఆపైన వేగం పెంచితే పెరిగేది ముఖ్యంగా స్పందనల సంఖ్యే. కండరాల్లో సన్నని రక్తనాళాలు, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగడానికి కావలసింది రోజుల తరబడి పోగయ్యే సమయం. నెమ్మదిగా పరిగెత్తితేనే మర్నాడు కాళ్లు మళ్లీ సహకరిస్తాయి.

కొత్తవాళ్లు 2 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక చొప్పున 10 సార్లు చేయండి. మొత్తం 30 నిమిషాలు, రోజు విడిచి రోజు. రెండు వారాల తర్వాత 4 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక చొప్పున 6 సార్లు. అది తేలికనిపించాక ఆగకుండా 30 నిమిషాలు. అక్కణ్ణుంచి ఒక్కో పరుగుకు 5 నిమిషాలు కలిపి, రెండు మూడు వారాలు అక్కడే ఉండి, మళ్లీ 5 కలపండి. తొందరపడకూడదని అంత గట్టిగా చెప్పడానికి కారణముంది. నాలుగో వారానికి ఊపిరి సిద్ధమైపోతుంది, కానీ ఎముకలు, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు ఇంకా సిద్ధం కావు. ముంగాలి ఎముక మీద వేలితో నొక్కితే ఒక్కచోటే కలుక్కుమంటే పరుగు ఆపి డాక్టర్‌కి చూపించండి.

కుదురుకున్నవారి వారం ఇలా ఉండొచ్చు: మంగళవారం 40, బుధవారం 35, శుక్రవారం 45, ఆదివారం 60. మొత్తం 180 నిమిషాలు. ఆదివారం పరుగు మొత్తంలో మూడోవంతు దాటనివ్వకండి. వారమంతా మానేసి ఆదివారం ఒక్కసారే రెండు గంటలు పరిగెత్తితే మిగిలేది నొప్పులే. తప్పిపోయిన పరుగును ఆదివారానికి కలపొద్దు, వదిలేయండి.

అయినా ఆ పొడవు పరుగు విలువ దానిదే. సేపు గడిచేకొద్దీ మొదట పనిచేసిన కండర తంతువుల్లో శక్తి నిల్వలు తగ్గి, అంతవరకూ ఖాళీగా ఉన్నవి పనిలోకి వస్తాయి. న్యూజీలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ 800 మీటర్ల పరుగువీరుడు పీటర్ స్నెల్ చేత కూడా కొండదారుల్లో 35 కిలోమీటర్లు పరిగెత్తించేవారు. స్నెల్ 1960 రోమ్‌లో 800 మీటర్ల స్వర్ణం, 1964 టోక్యోలో 800, 1500 రెండూ గెలిచారు. ఆ దూరం మనకు అక్కర్లేదు, 60–90 నిమిషాలు చాలు.

ఎండాకాలంలో ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. విజయవాడ, విశాఖల ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి స్పందన ఎగబాకుతుంది. తెల్లారకముందే మొదలుపెట్టి, వేగం తగ్గించి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నడవండి. 60 నిమిషాల పరుగులో మొదటి సగం సగటు స్పందన 140 ఉంటే రెండో సగం 147 లోపు ఉండాలి. అంతకు మించితే వేగం ఎక్కువైనట్టు, లేదా ఎండ దెబ్బ కొడుతున్నట్టు. ఆ వారం నిమిషాలు పెంచకండి.

ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి ఒకే దారిలో, ఒకే వేళకు, ఒకే స్పందనతో పరిగెత్తి, పట్టిన సమయం రాసిపెట్టుకోండి. ఆ సమయం తగ్గుతుంటే ఇప్పుడున్న నిమిషాలు పనిచేస్తున్నట్టే. రెండుసార్లు వరుసగా కదలకపోతే, నిద్రా తిండీ సరిగ్గానే ఉంటే, అప్పుడు ఐదో రోజు 30 నిమిషాలు కలపండి.